తప్పు పట్టినవాళ్లకి టీ

మా జియాలజీ విభాగంలో ఏడో నంబరు హాలుకి ఒక వాసన ఉండేది. సుద్దముక్కలు, పాత చెక్క బెంచీలు, అల్లం టీ కలిసిన వాసన. మొదటి రెండూ ఏ కాలేజీలోనైనా ఉండేవే. మూడోది మాత్రం గొర్లె పైడిరాజు మాస్టారి ఫ్లాస్కుది. ఆకుపచ్చ ఫ్లాస్కు, మూత ఒక పక్క సొట్ట. ఆయన లోపలికి రాగానే దాన్ని బల్ల మీద పెట్టి, జేబులోంచి ఆ రోజు చెప్పబోయే రాయి తీసి పక్కన పెట్టి, చేతులు దులుపుకునేవారు. కొత్త బ్యాచికి మొదటి రోజు చెప్పే మాట ఒకటుంది. ఇప్పటికీ అది నాకు ఆయన గొంతులోనే వినిపిస్తుంది.

"ఏటంటే... నేను క్లాసుకో తప్పు చెప్తాను. కావాలనే చెప్తాను. ఎక్కడ చెప్తానో చెప్పను. పట్టుకున్నవాళ్లకి టీ. పట్టుకోపోతే ఆ తప్పు మీతోపాటే ఇంటికొచ్చీస్తాది, అన్నం తింటాది, మీ పక్కనే పడుకుంటాది. మీ ఇష్టం మరి."

వేగావతి యూనివర్సిటీలో ఆయన దగ్గర చదివినవాళ్లెవరూ పాఠాన్ని పాఠంలా వినలేదు. దొంగ కోసం కాపు కాసినట్టు విన్నాం. పక్కవాడు దగ్గితే కళ్లెర్రజేసేవాళ్లం. ఆయన ఏ వాక్యాన్ని కాస్త నింపాదిగా చెప్పినా నలభై జతల కళ్లు చిన్నవయ్యేవి. ఒకరోజు ఆయన, "రాయన్నాక నీళ్లలో మునగవలసిందే. తేలే రాయి లోకంలో లేదు" అని బోర్డు వైపు తిరిగిపోయారు. నాకు మా స్నానాల గదిలో మడమలు రుద్దుకునే రాయి గుర్తొచ్చింది. బక్కెట్లో వేస్తే మునగదు, మా అమ్మమ్మను విసిగిస్తూ తేలుతూనే ఉంటుంది. చెయ్యెత్తాను.

"దొరికీసేను!" అన్నారు మాస్టారు చప్పట్లు కొట్టి. అగ్నిపర్వతంలోంచి నురగలా వచ్చి గడ్డకట్టిన రాయి అది అని ఆ రోజు తెలిసింది. సొట్ట మూతలో తాగిన ఆ టీ రుచి ఆ తర్వాత ఏ హోటల్లోనూ దొరకలేదు. బహుశా టీ మామూలుదే అయ్యుంటుంది.

నా పక్కనే కూర్చున్న మేదిని మాత్రం ఆ రోజు మొహం ముడుచుకుంది. మేదిని మాస్టారి కూతురు. భూమి అని అర్థం వచ్చే పేరు ఏరికోరి పెట్టుకున్నారాయన. ఆ మూడేళ్లలో మేదిని ఒక్కసారి కూడా టీ గెలవలేదు. తెలివితక్కువదై కాదు, తెలివికి మా అందరి కంటే పై మెట్టే. "నాన్న చెప్పాక అది తప్పెలా అవుతుందే గౌరీ? వింటుంటే అనుమానమే రాదు నాకు" అనేది. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ పిల్లకి లోకంలో గట్టిగా నిలబడ్డ వస్తువు నాన్న గొంతొక్కటే. దానిలోనూ తప్పులు దాచి ఉంచుతారంటే ఆమెకి గిట్టేది కాదు.

చదువులయ్యాక నేను రాళ్లతోనే ఉండిపోయి, అదే విభాగంలో లెక్చరర్‌నయ్యాను. మేదిని కంప్యూటర్ల వైపు వెళ్లి, అదే యూనివర్సిటీలో దూరవిద్య ప్రయోగశాలకి పెద్దయింది. అప్పటికి చదువు సగం హాల్లో, సగం ఇంట్లో అయిపోయింది. పిల్లలు వారంలో కొన్ని రోజులు వచ్చేవారు, మిగతా రోజులు ఇంట్లోంచే చూసేవారు. తెర మీద పాఠం చూసేవాళ్ల గోల ఒకటే. మాస్టార్లు నసుగుతారు, దగ్గుతారు, వెనక్కీ ముందుకీ వెళ్తారు, పొరపాట్లు మాట్లాడి మళ్లీ దిద్దుకుంటారు. ఆ గోలకి మందుగా మేదిని కనిపెట్టిందే సవరణి అనే యంత్రం.

మొదటిసారి దాన్ని చూపించిన రోజు నేనక్కడే ఉన్నాను. మేదిని తండ్రిని కెమెరా ముందు నిలబెట్టి, "ఏదైనా తప్పు చెప్పు నాన్నా" అంది.

"అదేటి కష్టం? రెండూ రెండూ అయిదు" అన్నారు మాస్టారు.

రెండు మూడు క్షణాల తర్వాత గోడ మీది తెరలో అదే మాస్టారు, అదే నీలం చొక్కాతో, అదే గొంతుతో, "రెండూ రెండూ నాలుగు" అన్నారు. పెదాలు కూడా నాలుగు అన్నట్టే కదిలాయి. అతుకు ఎక్కడుందో కనిపించలేదు. మాస్టారు మళ్లీ, "ఏటంటే... గంగానది మన బొబ్బిలి పక్కనించే పారతాది" అన్నారు. తెరలోని మనిషి ఏ తడబాటూ లేకుండా, "వేగావతి నది బొబ్బిలి సమీపంలో ప్రవహిస్తుంది" అన్నాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మాస్టారు తెర దగ్గరకెళ్లి ఆ మనిషిని కాసేపు ఎగాదిగా చూశారు. "ఈడెవడమ్మా? నాకంటే బాగా చెప్తన్నాడు" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు కళ్ల దాకా వెళ్లలేదు. "మరి నా తప్పులో?"

"పిల్లలు మధ్యలో కంగారుపడరు నాన్నా. తప్పు విన్నవాడికి తప్పే గుర్తుండిపోతుంది. నిజమే వింటే నిజమే గుర్తుంటుంది."

ఆమె మాట అబద్ధమేమీ కాదు. ఆ ఏడాది మార్కులు ఎగబాకాయి. తప్పిన పిల్లలు లేరు. పక్క జిల్లాల కాలేజీలు కూడా మాకూ సవరణి కావాలని వచ్చాయి. కొత్త బ్యాచికి మొదటి రోజు క్లాసు అందరికీ తెర మీదే. మాస్టారు ఎప్పట్లాగే తన తప్పూ టీ కబురు చెప్పారు. సవరణికి అది పాఠానికి సంబంధం లేని మాటగా తోచింది కాబోలు, "ప్రతి పాఠాన్నీ శ్రద్ధగా వినండి" అని దిద్ది పంపించింది. కొన్నాళ్లకి హాల్లో కూర్చునే పిల్లలు కూడా చెవుల్లో ఇయర్‌ఫోన్ల బిరడాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఫ్యాన్ల రొద ఉండదట, మాట శుభ్రంగా వినిపిస్తుందట. మనిషి ఎదురుగా నిలబడి గొంతు చించుకుంటుంటే, తలలు వంచుకుని చేతిలో ఫోన్లోని బొమ్మను చూస్తూ కూర్చునేవారు. ఫ్లాస్కు నిండుగా వచ్చి నిండుగా వెళ్లిపోయేది. వరండాలో కనిపిస్తే, "ఏం మాస్టారూ, ఇవాళ కూడా దొరకలేదా?" అని నేను ఆటపట్టించేదాన్ని. "దొంగ ముదిరిపోనాడమ్మా" అనేవారు.

అలా రెండేళ్లు గడిచాక వార్షిక పరీక్షలొచ్చాయి. పరీక్ష పేపర్లో కూడా మాస్టారు ఒక తప్పుడు ప్రశ్న పెట్టేవారు, అదీ పాత ఆచారమే. ఆ ఏడాది ప్రశ్న ఇది: గ్రానైటు రాతిలో దొరికే నత్తగుల్లల ఆనవాళ్లను బట్టి ఆ రాతి వయసును ఎలా నిర్ణయిస్తారు? గ్రానైటు అంటే భూమి లోపల నిప్పుల ముద్దగా ఉండి చల్లారిన రాయి. అందులో నత్తలెలా బతుకుతాయి? మా రోజుల్లో అయితే పేపరు చేతికందగానే సగం హాలు లేచి నిలబడేది. ప్రశ్నే తప్పు అని ఒక్క ముక్క రాస్తే పూర్తి మార్కులు.

జవాబులు దిద్దే పని కూడా యంత్రానిదే అయినా, మాస్టారు ఆ ఒక్క ప్రశ్న జవాబులు చూడాలని పట్టుబట్టారు. నేను తెర మీద ఒక్కొక్కటే చూపించాను. ఒకమ్మాయి నాలుగు పేజీలు రాసింది. ఒకబ్బాయి గ్రానైటులో నత్తల రకాలన్నీ వివరించి బొమ్మ కూడా వేశాడు, బొమ్మ చాలా ముచ్చటగా ఉంది. అందరివీ దోషం లేని వాక్యాలు. అందరికీ మంచి మార్కులు.

"ఇన్ని నత్తలే!" అన్నారు మాస్టారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను. చెట్టంత మనిషి కుర్చీలో చిన్నగా అయిపోయి కూర్చున్నారు. "ప్రశ్న అడిగినవాణ్ణి ఎదురు ప్రశ్న అడగాలని ఒక్కడికీ తోచలేదమ్మా."

అప్పుడే ఇంకో అమ్మాయి జవాబు వచ్చింది. ఒకే ఒక్క వాక్యం. 'గ్రానైటులో నత్తలు ఉండవు సార్.' యంత్రం దానికి సున్నా వేసింది.

మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఒకర్తి ఉన్నాది! గౌరమ్మా, ఒకర్తి ఉన్నాదే! ఎవరా గుంట? దానికి టీ పంపాలి."

టీ ఎలా పంపుతాం? పేరు మాత్రం వెతికి ఫోను చేశాను. బిడ్డిక నీలవేణి. పైన కొండల్లో, బస్సు వెళ్లని ఊరు. చదువంతా ఇంటి నుంచే, అదీ తెల్లారితే ఎత్తుగా ఉన్న బండ ఎక్కి కూర్చుంటే గానీ సిగ్నలు అందదట. అభినందనలు చెప్పి, "పేపర్లో తప్పుందని నీకెలా తోచింది?" అని అడిగాను.

"ఆ సారు రోజూ ఒక తప్పు చెప్తారు కదండీ మేడమ్. పరీక్షలో కూడా పెడతారేమో అని సూసినాను."

నేను ఉలిక్కిపడ్డాను. "రోజూ చెప్తారని నీకెవరు చెప్పారు?"

"సారే చెప్పినారండి, మొదటి రోజు. మాకు సిగ్నలు సరిగ్గా ఉండదండి. బొమ్మ రాదు, ఉత్తి మాట వస్తాది, తెగి తెగి వస్తాది."

నాకు అర్థమైంది. సవరణి దిద్దిన బొమ్మ పంపాలంటే సిగ్నలు బలంగా ఉండాలి. లేకపోతే అది పక్కకి తప్పుకుని, అసలు గొంతునే సన్నగా వదిలేస్తుంది. యూనివర్సిటీ మొత్తం మీద మాస్టారి నిజమైన గొంతు వింటున్నది ఈ పిల్ల ఒక్కతే.

"మరి తప్పు దొరికినప్పుడు చెప్పలేదేం?"

"చెప్పినానండి. చెప్పినప్పుడల్లా 'పాఠంలో తప్పు లేదు, మళ్లీ వినండి' అని వచ్చేది. ముందు నా చెవులే బాగోలేవేమో అనుకున్నాను. అప్పట్నించీ ఫోన్లో పట్టుకుని మళ్లీ మళ్లీ వింటన్నాను." కాస్త ఆగింది. "మేడమ్, ఒకటి అడగొచ్చాండీ? ముందు క్లాసుకొక తప్పే ఉండేది. ఇప్పుడు నాలుగు, అయిదు వస్తన్నాయి. ఆట కష్టం చేసినారా సారు?"

ఆట నియమం మార్చే మనిషి కాదు మాస్టారు. ఆ రికార్డులన్నీ పంపించమన్నాను. కొండ మీంచి అవి అందడానికి రెండు రోజులు పట్టింది.

మాస్టారి అబద్ధానికి ఒక తీరు ఉండేది. దానికి ఎక్కడో ఒక పిడి ఉంచేవారు. అది పట్టుకుని లాగితే వెనకున్న నిజం బయటికొచ్చేది. తేలే రాయి లోకంలో లేదు అన్న మాటలాగా. నీలవేణి రికార్డుల్లో అలాంటివి క్లాసుకొకటి ఉన్నాయి. మిగతావాటికి పిడి లేదు. సున్నపురాయి పేరు గుర్తు రాక, "తెల్లది... అదేనమ్మా... యాసిడ్ వేస్తే పొంగేది..." అని వెతుక్కుంటున్నారు. నాగావళి అనవలసిన చోట గోదావరి అంటున్నారు. చెప్పిన వాక్యమే మళ్లీ మొదటి నుంచి చెబుతున్నారు. మధ్యలో, "ఏటంటే... ఏటంటే..." అని చాలాసేపు ఆగిపోతున్నారు. ఆ ఆగిన చోట కొండ మీది గాలి ఒక్కటే వినిపిస్తోంది.

ఆ మధ్య ఆయన నమూనాల బీరువాలో రాళ్లు తారుమారుగా పెడితే, "దొరికిపోయారు, టీ!" అన్నాను నేను. ఆయన నవ్వి టీ పోశారు. జబ్బును ఆటనుకున్నాను. ఆయన కూడా దాన్ని ఆట అనిపించారు.

ఫోను పట్టుకుని మేదిని ప్రయోగశాలకి వెళ్లాను. ఆమె ముందు నమ్మలేదు.

"సిగ్నలు సరిగా లేనిచోట పట్టిన మాటలు పట్టుకుని నాన్నకి జబ్బంటావా? ఇదిగో, అదే క్లాసు చూడు" అని సవరణి దాచిన పాఠం పెట్టింది. తెరలో మాస్టారు తడుముకోకుండా, ఎక్కడా ఆగకుండా, గంగాప్రవాహంలా చెప్పుకుపోతున్నారు.

"ఇందులో మీ నాన్న ఒక్కసారైనా 'ఏటంటే' అన్నారా?" అని అడిగాను.

మేదిని ఇంకో పాఠం పెట్టింది. ఇంకోటి పెట్టింది. ఎక్కడా ఆ మాట లేదు. అక్కర్లేని మాట కాబట్టి సవరణి ముందే ఏరేసింది. అప్పుడు నేను నీలవేణి పంపిన ముక్క వినిపించాను. తెగిపోతూ, గరగరలాడుతూ, మాస్టారు దగ్గారు. ఆ తర్వాత, "ఏటంటే... అమ్మా... ఎక్కడున్నాం మనం?" అన్నారు.

మేదిని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అసలు రికార్డులు ఉంటాయిగా నీ దగ్గర? దిద్దకముందువి?"

తల అడ్డంగా ఊపింది. "దిద్దింది ఉండగా తప్పుది దాచడం ఎందుకని చెరిపేసేలా నేనే పెట్టాను. ఈ రెండేళ్లలో నాన్న మాట్లాడింది ఒక్క మాట కూడా నా దగ్గర లేదే గౌరీ. ఉన్నదంతా వాడిదే." తెరలోని ఆ మనిషిని చూపించింది. ఆమె ఏడవడం నేను చూడడం అదే మొదలు. "ఇంట్లో మాట తగ్గించేస్తే, నా యంత్రం మీద అలిగాడనుకున్నాను."

విశాఖలో డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, మెదడులో జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా తినేసే జబ్బని చెప్పారు. మందులతో దాని నడక తగ్గించవచ్చు, పోయింది మాత్రం రాదన్నారు. ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగారు. మేం నీలవేణి రికార్డులే వరుసగా వినిపించాం. ఏడాదిన్నర కిందటి నాటి ఒకదాని దగ్గర డాక్టరు చెయ్యెత్తి ఆపమన్నారు. "ఇక్కడ మొదలైంది. అప్పుడే తీసుకొచ్చి ఉంటే చాలా నిలబెట్టేవాళ్లం" అన్నారు. ఆ మాట మెత్తగానే అన్నారు గానీ మేదిని తలెత్తలేదు.

క్వార్టర్స్ వరండాలో మాస్టారు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఆ రోజు ఆయన బుర్ర నీళ్లలా తేటగా ఉంది.

"నాకు అనుమానం వచ్చిందమ్మా" అన్నారు. "మాట జారిపోతన్నాదని నాకే తెలిసీది. కానీ నిజంగా జారిందో, నేనే అనుకుంటన్నానో... ఎలగ తెలస్తాది? అందుకనీసి క్లాసులో పిల్లల చేతులకేసి సూసీవోణ్ణి. నేను తప్పు చెప్తే ఒకడైనా చెయ్యెత్తుతాడు కదా. ముప్పై ఏళ్లు వాళ్లకి నేర్పిందదే కదా. ఒక్క చెయ్యీ లేవలేదు. అయితే నేను బాగానే ఉన్నానని ఇంటికొచ్చీసీవోణ్ణి."

మేదిని ఆయన మోకాళ్ల మీద తల పెట్టేసింది. నేను లేచి వెళ్లి ప్రహరీ గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఎంతమంది పిల్లలు! ఎంత మంచి మార్కులు! ఒక్కడు, ఒక్కడు తలెత్తి ఆ మనిషిని నిజంగా వినుంటే చాలేది. కోపం వచ్చింది నాకు, ఎవరి మీదో తెలియని కోపం.

ఇక పాఠాలు చాలించాలని డాక్టరు చెప్పారు. ఒక్కటి, చివరిది, సవరణి లేకుండా చెప్పుకుంటానని మాస్టారు అడిగారు. ఆ సోమవారానికి అందర్నీ హాలుకి రమ్మని కబురు పంపాం. రాలేనివాళ్లకి తెర మీద అసలు మాటే వెళ్లేలా మేదిని తన చేత్తో యంత్రం ఆపేసి, వెనక బెంచీలో, ఒకప్పుడు మేమిద్దరం కూర్చున్న చోటే నా పక్కన కూర్చుంది.

నీలవేణి కూడా వచ్చింది. కొండ దిగి, జీపు పట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. సన్నగా, రెండు జడలతో, పొడి దుమ్ము అంటిన చెప్పులతో ముందు బెంచీలో కూర్చుంది. మాస్టారు ఫ్లాస్కు బల్ల మీద పెట్టగానే ఆ పిల్ల దానికేసి చూసిన చూపు చూడాలి. ఇన్నాళ్లూ చెవులతో మాత్రమే విన్న వస్తువది.

"చెవుల్లో ఉన్నవి తీసి జేబుల్లో పెట్టుకోండమ్మా" అన్నారు మాస్టారు. పిల్లలు తీశారు. ఫ్యాన్ల రొద వినబడి కొందరు తలెత్తి పైకి చూశారు కూడా. ఆయన జేబులోంచి రెండు రాళ్లు తీశారు. ఒకటి సున్నపురాయి, ఒకటి మన కొండల్లో దొరికే ఎర్రటి ఖోండలైటు. పాఠం మొదలైంది. అదే గొంతు, కాస్త అరిగిపోయి. నాకు ఇరవై ఏళ్ల వయసు తిరిగొచ్చినట్టనిపించింది. కాసేపటికి ఆయన, "ఏటంటే... యాసిడ్ చుక్క వేస్తే పొంగేది ఈ ఎర్రదే. తెల్లది పొంగదు" అన్నారు.

అది తలకిందుల మాట. పొంగేది సున్నపురాయి. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొందరికి అనుమానం వచ్చిందని తెలుస్తూనే ఉంది గానీ, ఆ అనుమానాన్ని ఏం చేయాలో వాళ్లకి తెలియలేదు. నీలవేణి వెనక్కి తిరిగి నాకేసి చూసింది. ఆయనకి జబ్బని ఆ పిల్లకి నేనే చెప్పాను. జబ్బు మనిషిని అందరిలో తప్పు పట్టాలా అన్నది ఆ చూపులో ప్రశ్న. నేను మేదిని వైపు తిరిగాను. మేదినే, పట్టుకోమన్నట్టు మెల్లగా తల ఊపింది.

నీలవేణి చెయ్యెత్తింది. "పొంగేది తెల్ల రాయి కదండీ సార్."

మాస్టారు యాసిడ్ సీసా తీసి రెంటి మీదా ఒక్కో చుక్క వేశారు. తెల్లది చుయ్యిమని పొంగింది. ఆయన దానికేసి చాలాసేపు చూశారు.

"ఇది నేను పెట్టిన తప్పు కాదు గుంటా" అన్నారు. "దానంతటదే వచ్చీసింది. నాకు జబ్బు చేసిందమ్మా. ఇక నుంచి నా మాటల్లో రెండు రకాల తప్పులూ వస్తాయి. ఏది నాదో, ఏది జబ్బుదో నాకే తెలీదు. మీరే చెప్పాలి. చెప్తే నేనేమీ అనుకోను. చెప్పకపోతే మాత్రం నాకు ఎక్కడున్నానో తెలీదు." సొట్ట మూతలో టీ పోసి నీలవేణి చేతికిచ్చారు. "ఇది ఆ నత్తల టీ కూడా."

ఆ తర్వాత హాలు మారిపోయింది. ముందు ఒక చెయ్యి బితుకుబితుకుమంటూ లేచింది. తర్వాత మరొకటి. తెర మీద ఇళ్లలోంచి కూడా చేతులు లేచాయి. సగం మంది తప్పు లేనిచోట తప్పు పట్టారు, నత్తల బొమ్మ వేసిన అబ్బాయి అయితే మాస్టారితో వాదనకే దిగి, ఓడిపోయి, ఓడినందుకు కూడా టీ అడిగాడు. ఆయన పోశారు. ఒకే మూతలో, ఒక్కో గుక్క చొప్పున అందరికీ పోస్తూ పోయారు. అంత గోల ఏడో నంబరు హాల్లో విని ఎన్నేళ్లయిందో! నాకు కళ్లు నిండిపోయాయి.

చివర్లో మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, గొంతు సవరించుకుని, నింపాదిగా అన్నారు. "ఒక మాట చెప్పి ముగిస్తాను. మా అమ్మాయి చేసిన ఆ యంత్రం వల్ల, ఆ తెర చదువు వల్ల, ఒక్కరికంటే ఒక్కరికి మేలు జరగలేదు."

మేదిని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ముందు బెంచీలో నీలవేణి లేచి నిలబడింది. ఈసారి ఎవరి వైపూ చూడలేదు. "తప్పు సార్. మా ఊరికి బస్సే రాదండి. ఆ తెర చదువు లేకపోతే నేను కాలేజీ మొహమే సూసీదాన్ని కాదు. మీ గొంతు వినీదాన్నే కాదు."

"దొరికీసింది!" అని మాస్టారు చప్పట్లు కొట్టారు. "ఇదీ ఇవాళ నేను పెట్టిన తప్పు. ఇదొక్కటే నాది." ఆయన చూపు అందరి తలల మీదుగా వెనక బెంచీకి వచ్చి కూతురి దగ్గర ఆగింది. "వచ్చి టీ తాగు మేదినీ. నువ్వొక్కసారీ గెలవలేదు కదమ్మా."

మేదిని కళ్లు తుడుచుకుంటూ ముందుకెళ్లింది. మాస్టారు ఫ్లాస్కు వంచారు. ఒక్క చుక్క రాలేదు. పూర్తిగా తలకిందులు చేసి దులిపారు. రెండేళ్ల తర్వాత మొదటిసారి అది ఖాళీ అయింది. ఆయన దాన్ని చూసి, పిల్లల్ని చూసి, మొహమంతా నవ్వు చేసుకున్నారు.

"ఇది సాలదు" అన్నారు. "రేపటి క్లాసుకి పెద్ద ఫ్లాస్కు తెచ్చీస్తాను."

అది ఆయన చివరి క్లాసని హాల్లో అందరికీ తెలుసు. తప్పు అందరూ పట్టుకున్నారు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు.